పాడైంది అని రాసిన ఫిల్ము

కోడూరు,
8 సెప్టెంబరు 2025

అమ్మాయి షారన్‌కు,

మామ దీవెనలు. ఊరికే వచ్చేవి కాబట్టి ఎన్ని కావాలంటే అన్ని తీసుకో.

నువ్వు నాకు ఫోన్ చేస్తున్నావని మీ అమ్మ రెజీనా చెప్పింది. చేయొద్దు. నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది నీకు పట్టదు, మధ్యలో ఫోను కంపెనీ బాగుపడుతుంది. ఏదున్నా ఉత్తరం రాయి. అక్షరాలు మర్చిపోయి ఉంటే ఆ సంగతీ తేలిపోతుంది.

ఒక రేకు పెట్టె పార్సిల్ చేశాను. అందులో నా పెద్ద చెక్క కెమెరా ఫిల్ములున్నాయి. ఒక్కొక్కటి అరచేయంత ఉంటుంది. స్టూడియోలో పెళ్లికొడుకుల మొటిమల మీద పెన్సిల్ దిద్ది సంపాదించినదంతా ఈ ఫిల్ముల కిందే తగలేశాను. సైకిల్ వెనక కెమెరా కట్టుకుని పోయి ఇసుక దిబ్బలు, ఉప్పు కాలవ, సరుగుడు తోపులు తీసేవాణ్ణి. మనుషులు లేని ఫోటో ఎందుకని ఊరంతా నవ్వేది. ఇప్పుడు దిబ్బలూ లేవు, తోపులూ లేవు, ఎటు చూసినా రొయ్యల గుంటలే. ఆ నవ్వినవాళ్లే వచ్చి "సమాధానం మామా, మా నాయన తోపు ఫోటో నీ కాడ ఉండాదంట గదా?" అని అడుగుతున్నారు. లేదని చెబుతున్నాను. ఉన్నా లేదనే చెబుతున్నాను.

వేసవిలో కంటికి ఆపరేషన్ అయింది కదా. కట్టు విప్పించుకుని ఇంటికి రాగానే గోడ మీదున్న నా పాత ప్రింట్లు చూసుకున్నాను. ఛీ అనిపించింది. అంతా బురద. అప్పట్లో అడిగినవాళ్లకు కాగితం మంచిది కాదు, ఫోటోలు కడిగే మందు మంచిది కాదు, మన నీళ్లలో ఉప్పు ఎక్కువ అని చెప్పేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

అసలు సంగతికి వస్తాను. మీ అత్త మగ్దలీనమ్మ పోయి జనవరి పదిహేడుకు ఏడాది. జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. భూస్థాపన రోజున ఆమె తమ్ముడి కొడుకు, ఆ రొయ్యల మేత అమ్ముకునే సుశీల్ కుమార్, ఏం చేశాడో చూశావుగా. ఆధార్ కార్డులోని ముఖాన్ని కోసి, మంచు కొండల ముందు, రెండు పావురాల మధ్య అతికించి ఫ్లెక్సీ కట్టాడు. బతికినంత కాలం కావలి దాటి ఎరగని మనిషిని మంచులో నిలబెట్టాడు, పైన దుప్పటి కూడా లేకుండా. ఫోటోగ్రాఫరు ఇంట్లో పెళ్లాం ఫోటో లేకపోవడమేమిటని సంఘమంతా గుసగుసలాడింది. లేదు, నిజమే. పెళ్లి ఫోటో తుఫాను నీళ్లలో పోయింది. ఆ తర్వాత ఎప్పుడు కూర్చోమన్నా "నా మొగం నాకు అద్దంలో కనపడతానే ఉండాది, నీకు ఎదురుగానే ఉండాది. ఇంకెవురికంట?" అనేది.

పెట్టె అడుగున ఒక కవరు ఉంటుంది. దాని మీద 'పాడైంది' అని నా చేతిరాత. ఎనభై ఆరులో దిబ్బ మీద తీసింది. కొత్త కంటితో, భూతద్దం పెట్టి దాన్ని చూశాను. కూడికకు నాకు ఆ బొమ్మే కావాలి. నీ మిషన్లో పెట్టి మళ్లీ చెయ్యి, అంచు వరకూ చెయ్యి, ఏమీ కోయకు. అందులో ఏముందో నేను చెప్పను. పాత ఫిల్ములు చూడటానికే బెంగళూరులో నీకు జీతమిస్తున్నారు. కళ్లుంటే కనపడుతుంది.

నీ మామ,
సమాధానం


బెంగళూరు,
27 సెప్టెంబరు 2025

మామయ్యకు,

దీవెనలు, పార్సిల్ రెండూ అందాయి. పార్సిలే బరువుగా ఉంది.

ఫిల్ముల్ని పాత చర్చి క్యాలెండరు కాగితాల్లో చుట్టి పంపారు. ఆ కాగితాల మధ్య బొద్దింకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెద్దచేసి పంపించిన ఆనవాళ్లున్నాయి. మా ల్యాబులో వాళ్లు చేతి తొడుగులు వేసుకుని ఒక్కొక్కటీ విప్పుతూ నన్ను చూసి జాలిపడ్డారు. ఊరి మనుషులు ఫోటోలకు పనికిరారని దిబ్బల చుట్టూ తిరిగిన పెద్దమనిషి, తీసిన ఫోటోల్ని మాత్రం అటుకుల మూటలా దాచుకున్నారు.

మీ ప్రింట్ల సంగతి మీరే ఒప్పుకున్నారు కాబట్టి నేనూ చెబుతాను. చిన్నప్పుడు సెలవలకు వచ్చి గోడ మీద వాటిని చూసినప్పుడల్లా కోడూరులో రోజూ గ్రహణమే అనుకునేదాన్ని. ఫిల్ములో మాత్రం అన్నీ ఉన్నాయి మామయ్యా. అన్నీ పట్టింది మీరే, డార్క్‌రూంలో ముంచేసిందీ మీరే. ఉప్పు కాలవ ఫోటోలో తిరగేసిన పడవ ఉంది కదా. మీ ప్రింటులో దాని కింద తారు పోసినట్టుంటుంది. ఇప్పుడు స్కాన్ చేసి ఆ నీడను కొంచెం తేల్చితే అందులో వల ఉంది, వల మీద కుక్క పడుకుని ఉంది. నలభై ఏళ్లుగా నిద్రపోతోంది పాపం, మీరు చూడనే లేదు.

నాలుగు చిన్న ప్రింట్లు పంపుతున్నాను. మీరడిగిన 'పాడైంది' కూడా అందులో ఉంది. దాని అంచున పెద్ద మరక. మందు సరిగ్గా అందక పడ్డట్టుంది. మిగతావి బంగారంలా ఉంటే దీని కోసమే పట్టు ఎందుకో అర్థం కాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

మేనకోడలు,
షారన్


కోడూరు,
13 అక్టోబరు 2025

అమ్మాయి షారన్‌కు,

మామ దీవెనలు, కొంచెం తగ్గించి.

ఫోటోలు చూశాను. కళ్లజోడు పెట్టుకుని చూశాను, తీసి చూశాను. ఎలా చూసినా సముద్రం కుడిచేతికే ఉంది. ఆ దిబ్బ మీద నేను దక్షిణం చూస్తూ నిలబడ్డాను తల్లీ. సముద్రం ఎడమన ఉండాలి. నెల్లూరులో పుట్టి సముద్రాన్ని పడమటికి తీసుకుపోయిన మనిషివి నువ్వొక్కదానివే. ఫిల్ముకు ఒక మూల చిన్న గాడి కోసి ఉంటుంది. నిలువుగా పట్టుకున్నప్పుడు ఆ గాడి పైన కుడి మూలకు వస్తే మందు పూసిన వైపు మన వైపు ఉన్నట్టు. మేం చీకట్లో వేలితో తడిమి తెలుసుకునేవాళ్లం. మీకు దీపాలున్నాయి, మిషన్లున్నాయి, చేతి తొడుగులు కూడా ఉన్నాయి. వేళ్లు లేవు కాబోలు.

ఇంకొకటి. నీడలన్నీ తెల్లబరిచావు. నీడలో ఏముందో అందరికీ చూపించమని నిన్నెవరడిగారు? పొద్దుపొడుపు వేళ దిబ్బ వెనక చీకటిగానే ఉంటుంది. నీ ఫోటోలో పెళ్లి పందిట్లో లైట్లు వేసినట్టుంది. కుక్క మాత్రం కాలవ గట్టు మీది పెంచలమ్మ వాళ్ల కుక్క. అది కరుస్తుందని రోజూ అంత దూరం చుట్టు తిరిగి పోయేవాణ్ణి. తీరా చూస్తే నా కెమెరా ముందే పడుకుందన్నమాట. దరిద్రపు కుక్క.

మొన్న ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక సుశీల్ ఇంటికొచ్చాడు. "మామా, ఈ తడవ ఫ్లెక్సీ పెద్దది కొట్టిస్తుండా. వెనకాల జలపాతం పెట్టించి, అత్త తల మీద కిరీటం పెట్టిస్తా" అన్నాడు. "కిరీటం పెడితే మీ అత్త తట్ట యాడ పెట్టుకుంటాదిరా?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. వాడికి రొయ్యలు తినేది తప్ప ఇంకేమీ అర్థం కాదు.

అందుకని నీ పట్టుదలలు పక్కన పెట్టి పని చూడు. బల్ల మీద నా బొమ్మ ఉంటే వాడి జలపాతం గేటు బయటే ఆగుతుంది. లేకపోతే జనమంతా ఆ కిరీటానికి దండ వేసి, దాని ముందు కూర్చుని మీ అత్తను తలుచుకుంటారు. అది నేను చూడలేను. 'పాడైంది' పెద్దదిగా కావాలి. బల్ల మీద నిలబెట్టేటంత.

సమాధానం


బెంగళూరు,
9 నవంబరు 2025

మామయ్యకు,

గాడి చూశాను. మా దగ్గరికి వచ్చేవన్నీ చుట్ట ఫిల్ములు, విడి ఫిల్ములు రావు. సముద్రాన్ని మళ్లీ తూర్పున పెట్టాను, దిగులు పడకండి.

మీ ఉత్తరం చదివాక ఆ ఫిల్మే ఎందుకు కావాలన్నారో అర్థమైంది. నవ్వొచ్చింది. సుశీల్ మంచు కొండ పెడితే ఎగతాళి, మీరు ఇసుక దిబ్బ పెడితే కళ. మీకు కావలసిందీ వెనక తెరే కదా! ఆకాశం ఖాళీ, దిబ్బ పక్కన మనిషి పట్టేంత చోటు, ఇంకేం కావాలి? ఆ మాట నోరు తెరిచి అడగడానికి నామోషీ. సరే, వాడి జలపాతం కంటే మన దిబ్బ నయం. అత్త కనీసం మన ఊళ్లో ఉంటుంది.

మరకంతా శుభ్రంగా తీసేశాను. ఇసుక మీద గాలి గీతలు అక్కడక్కడా నేనే అల్లాను, ఎవరూ కనిపెట్టలేరు. అమ్మ దగ్గర అత్త ఆధార్ నకలు ఉంటే తెప్పించుకుని ఆ ముఖాన్నే బాగు చేశాను. ఆ కార్డులో ఎవరి ముఖమైనా దొంగ ముఖంలాగే ఉంటుంది కదా, ఆ కళ్లు దిద్దడానికే చాలా రోజులు పట్టింది. సెలవలకు వచ్చినప్పుడు అత్త నా జడలు లాగి లాగి అల్లేది, ఏడిస్తే ఇంకా గట్టిగా లాగేది. అది గుర్తొచ్చి పని ఆపి కూర్చున్నాను. చీర పెసర రంగు వేశాను.

గొట్టంలో చుట్టి పంపుతున్నాను. బాగుందని రాయరని తెలుసు. బాగా లేదని రాయకపోతే చాలు.

షారన్


కోడూరు,
1 డిసెంబరు 2025

షారన్,

ఈసారి దీవెనలు లేవు.

వానకు గొట్టం మెత్తబడింది, ఫోటో మాత్రం పొడిగానే ఉంది. అది కూడా నానిపోయి ఉంటే బాగుండేది. ఆధార్ ముఖం తగిలించుకుని, ఎన్నడూ కట్టని రంగు చీర కట్టుకుని, కాళ్లు లేకుండా మీ అత్త ఇసుక మీద తేలుతోంది. సుశీల్ గాడు చదువుకోలేదు, వాడు చేశాడంటే చేశాడు. నువ్వు చదువుకుని, జీతం తీసుకుని, ఏడ్చి మరీ అదే పని చేశావు.

నువ్వు తుడిచేసిన మరకే మీ అత్త.

పెళ్లయిన రెండో ఏడు అది. ఆ దిబ్బ ఎంత ఎత్తో తెలియాలంటే పక్కన మనిషిని నిలబెట్టాలి. పొద్దు పొడవక ముందే నాతో ఎవడొస్తాడు? మీ అత్తే వచ్చేది, తల మీద తట్టలో ఫిల్ము పెట్టె, భుజం మీద నేను కెమెరా వెనక తల మీద కప్పుకునే నల్లగుడ్డ. రోజూ నా వెనకే ఉండేది. ఆ ఒక్క రోజు ముందు నిలబెట్టాను. ఆ వేళప్పుడు వెలుగు చాలదు, లెన్సు మూత తీసి కాసేపు ఉంచాలి. నా చేతికి గడియారం ఉండేది కాదు. ప్రభువు ప్రార్థన మొదలుపెడుతూ మూత తీసేవాణ్ణి, ఆమేన్ అని మూత పెట్టేవాణ్ణి. నేను ఆమేన్ అనేదాకా రాయిలా నిలబడాలి. ఆమెకు చెప్పింది అదొక్కటే. కదిలింది. ఫిల్ము కడిగి చూస్తే మనిషి ఉండాల్సిన చోట పొగ ఉంది. ఫిల్ము దొరకడమే గగనమైన రోజులు. కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. కవరు మీద పాడైంది అని రాసి పెట్టె అడుగున పడేశాను.

మొన్న వేసవిలో భూతద్దం పెట్టి చూస్తే ఆ పొగ కింద చీర అంచు కనపడింది. నాకు అది చాలు. లోకంలో ఆమె బొమ్మంటూ ఉంటే అదొక్కటే. దాన్ని నీకు పంపితే శుభ్రం చేసి పంపావు. పైగా ఎవరూ కనిపెట్టలేరట!

పెట్టె తిరిగి పంపించెయ్యి. కూడికకు జలపాతమే కానివ్వు.

సమాధానం


బెంగళూరు,
14 డిసెంబరు 2025

మామయ్యకు,

దీవెనలు లేకుండా కూడా బతికే ఉన్నాను.

ముందు నా వంతు. 'కళ్లుంటే కనపడుతుంది' అని రాసిన సిరాతోనే 'అందులో మీ అత్త ఉంది' అని రాయొచ్చు. కవరు మీద పాడైంది అని రాసింది నేనా? తిట్టడానికి మాటలు వరదలా వస్తాయి మీకు. చెప్పవలసిన ఒక్క మాట దగ్గర మాత్రం నోరు పెగలదు. అత్త అన్నేళ్లు మీతో ఎలా వేగిందో దేవుడికే తెలియాలి.

ఇక నా తప్పు. అత్త చేతి ముద్దలు తిని పెరిగినదాన్ని. అత్తను మరక అనుకుని తుడిచాను. మీ ఉత్తరంలో ఆ మాట చదివిన రోజు అన్నం తినలేదు.

కానీ నేను తుడిచింది నకలు మీద. అసలు స్కాన్ అలాగే ఉంది, ఫిల్ముకు గీత కూడా పడలేదు. నన్ను తిట్టేముందు ఈ సంగతి ఎవరినైనా అడగాల్సింది.

మళ్లీ తెరిచాను. ఈసారి ఆకాశం జోలికి పోలేదు, ఆ అంచునే కూర్చుని చూశాను. మరకలో భాగమనుకుని నేను తుడిచినవి పాదాలు. అవి కదల్లేదు మామయ్యా. రెండు పాదాలూ, వేళ్ల సందుల్లో ఇసుకతో సహా, నిన్న తీసినట్టున్నాయి. చీర అంచు మోకాళ్ల దాకా తెలుస్తోంది. భుజం మీద మీ నల్లగుడ్డ ఉంది. ఆ పైనే పొగ. ఆ పొగలో తల రెండుచోట్ల ఉంది. ఒకటి సముద్రం వైపు చూస్తోంది, మీరు నిలబెట్టినట్టే. రెండోది మీ వైపు తిరిగింది. అందులో నోరు తెరిచినట్టుంది. అత్త ఏదో అంటోంది. ఏమందో మీకు తెలియాలి.

ముఖం మాత్రం దొరకదు. ఇంకా స్పష్టంగా చేయమంటే కంప్యూటర్ తనకు తోచిన ముఖాన్ని కల్పించి పెడుతుంది. నేను చేయనివ్వను. ఉన్నది ఉన్నట్టు, అంచు వరకూ, పెద్దదిగా వేసి, మీ పెట్టెతో పాటు పంపుతున్నాను. దిబ్బ నీడ చీకటిగానే ఉంచాను. మీ మాట విని కాదు, అలాగే బాగుంది కాబట్టి.

సెలవు దొరకలేదు, కూడికకు రాలేను. బల్ల మీద దీన్నే పెట్టండి. పెట్టకపోతే ఇంకెప్పుడూ మీకు ఉత్తరం రాయను.

షారన్


కోడూరు,
19 జనవరి 2026

అమ్మాయి షారన్‌కు,

మామ దీవెనలు. ఆపినవి కూడా కలిపి తీసుకో.

పెట్టాను. మీ అత్త కుట్టిన తెల్ల గుడ్డ పరిచి, బల్ల మీద దాన్నే పెట్టాను. సుశీల్ గాడు జలపాతం తెచ్చి గేటుకు కట్టాడు. కిరీటం ఎంతుందంటే దాని కింద మీ అత్త ముఖం వెలగపండంత ఉంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలికి ఒక తాడు తెగి, జలపాతం అడ్డం తిరిగి కొబ్బరి మట్టలకు చుట్టుకుంది. వాడు నిచ్చెన కోసం తిరుగుతుంటే నేను లోపల కూర్చుని టీ తాగాను.

పాస్టరు గారు బల్ల దగ్గర నిలబడి, తల అటూ ఇటూ తిప్పి "సమాధానం గారూ, అమ్మగారి మొగం యాడుండాది?" అన్నారు. వెనక నుంచి సుశీల్ "మామా, ఇది అత్తేనా? దయ్యం మాదిరి ఉండాది. నలుగురూ నవ్వతారు" అన్నాడు. "నవ్వనీరా. ఇసక ఫోటోలు తీసిన కాడినుంచీ నవ్వతానే ఉండారు గదా, వాళ్లకి ఇంకో పని ఏముండాది?" అన్నాను. అప్పుడు మీ అత్త స్నేహితురాలు ప్రమీలమ్మ వంగి ఫోటోలో పాదాలు చూసింది. "యోవ్, ఇవి మగ్దలీనక్క కాళ్లే! చిటికెన వేలు పక్క వేలు మీదికి ఎక్కుండాది చూడండి" అని ఏడుపు మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎవరూ ముఖం అడగలేదు. ఒక్కొక్కరూ వచ్చి ఆ కాళ్లు చూసి పోయారు. ఇన్నేళ్లు కాపురం చేసిన నాకు ఆ వేలి సంగతి తెలియదు.

కవరు మీద రాసింది మార్చలేదు. కదిలింది కదిలిందే, ఫిల్ము పాడైంది పాడైందే. నీ నీడలు ఇప్పటికీ కొంచెం తెల్లగానే ఉన్నాయి.

మీ అత్త ఏమందో నాకు తెలియాలన్నావు. నీ ఉత్తరం చదివిన రోజు తెలియదు. నువ్వు పంపిన బొమ్మను గోడకు ఆనించి, ఎదురుగా కూర్చుని చూస్తుంటే గుర్తొచ్చింది. "అయిపోయినాదా?" అంది. అంతే. ప్రతి ఫిల్ముకూ నా వెనక నిలబడి అదే అడిగేది. ఆ రోజు ముందు నుంచి అడిగింది. నేను ప్రార్థన మధ్యలో ఉన్నాను, పలికితే లెక్క తప్పుతుంది. జవాబు చెప్పలేదు. ఏడాదిగా ఈ ఇంట్లో ఏదీ అడిగేవాళ్లు లేరు. అది ఎంత కష్టమో నీకు రాయలేదు, మీ అమ్మకు కూడా చెప్పలేదు.

కూడిక చివర పాస్టరు గారు ప్రభువు ప్రార్థన చెప్పించారు. అందరూ లేచి కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. బల్ల మీద ఆమె నా వైపు తిరిగి అడుగుతూనే ఉంది. ప్రార్థన ముగిసింది. ఇంటినిండా జనం ఆమేన్ అన్నారు, సుశీల్ గాడు అందరికంటే గట్టిగా అన్నాడు.

నేను అనలేదు.

నీ మామ,
సమాధానం